గుడ్డులో కొవ్వు లెక్క: కాటా మీద, పెనం మీద

గుడ్డులో కొవ్వు ఎంతని అడిగితే 5 గ్రాములన్న జవాబు వెంటనే వస్తుంది. మామూలు సైజు కోడిగుడ్డుకు అది సరైన అంకే. కానీ తినే తిండిని నిజంగా లెక్క చూసుకోవాల్సిన వాళ్లకు అది చాలదు. బరువు తగ్గాలనుకునేవాళ్లకు, కొలెస్ట్రాల్ తగ్గించుకోమని డాక్టరు చెప్పినవాళ్లకు, ప్రొటీన్ కోసం రోజుకు నాలుగైదు గుడ్లు తినేవాళ్లకు కావలసింది తమ పళ్లెంలో ఉన్న గుడ్డు లెక్క. పట్టికలో కనిపించేది సగటు గుడ్డు లెక్క. ఈ రెండింటి మధ్య తేడా ఒక్కోసారి రెట్టింపు దాటుతుంది.

అసలు లెక్క తేలాలంటే రెండు బరువులు తెలిస్తే చాలు. పచ్చసొన బరువు ఒకటి, వండేటప్పుడు వాడిన నూనె బరువు ఇంకొకటి. గుడ్డు కొవ్వు దాదాపు మొత్తం పచ్చసొనలోనే ఉంటుంది. మిగిలిందంతా బయటినుంచి మనం చేర్చేదే. చాలామంది మొదటిదానికి భయపడి పచ్చసొన పారేస్తారు, రెండోదాన్ని మాత్రం సీసాలోంచి అంచనాగా ఒంపేస్తారు. జాగ్రత్త పడాల్సింది ఎక్కువగా ఆ రెండోచోటే.

లోపల ఏది ఎంత

పెంకుతో సహా 56 గ్రాములు తూగే కోడిగుడ్డును తీసుకుందాం. పెంకు సుమారు 6 గ్రాములు. తినే భాగం 50 గ్రాములు. అందులో తెల్లసొన 33 గ్రాములు, పచ్చసొన 17 గ్రాములు. పోషకాలు ఇలా పంచుకుని ఉంటాయి:

తెల్లసొన: 17 కేలరీలు, ప్రొటీన్ 3.6 గ్రాములు, కొవ్వు 0.06 గ్రాములు, కొలెస్ట్రాల్ లేదు.

పచ్చసొన: 55 కేలరీలు, ప్రొటీన్ 2.7 గ్రాములు, కొవ్వు 4.5 గ్రాములు, కొలెస్ట్రాల్ సుమారు 185 మిల్లీగ్రాములు.

మొత్తం గుడ్డు: 72 కేలరీలు, ప్రొటీన్ 6.3 గ్రాములు, కొవ్వు 4.8 గ్రాములు, పిండిపదార్థం అర గ్రాములోపు.

రెండు భాగాల కొవ్వు కలిపితే 4.8 రావట్లేదేమిటన్న అనుమానం రావచ్చు. తెల్లసొన, పచ్చసొన, మొత్తం గుడ్డు అనే మూడింటినీ ల్యాబుల్లో వేర్వేరు నమూనాలుగా పరీక్షిస్తారు. అందుకే దశాంశాల్లో చిన్న తేడా మిగిలిపోతుంది. దాన్ని పట్టించుకోనక్కర్లేదు.

ఇక్కడ గమనించాల్సింది ప్రొటీన్ అంకె. ప్రొటీన్ అంతా తెల్లసొనలోనే ఉంటుందని గట్టిగా నమ్మేవాళ్లున్నారు. నిజానికి గుడ్డు ప్రొటీన్‌లో 40 శాతానికి పైగా పచ్చసొనదే. గ్రాముకు గ్రాము తూచి చూస్తే తెల్లసొన కంటే పచ్చసొనలోనే ప్రొటీన్ ఎక్కువ: 100 గ్రాముల తెల్లసొనలో 11 గ్రాములుంటే, 100 గ్రాముల పచ్చసొనలో 16 గ్రాములు. తెల్లసొన బరువులో దాదాపు పదింట తొమ్మిది వంతులు నీరే కావడం దీనికి కారణం.

తూచి లెక్కించే పద్ధతి

ఒక గ్రాము దాకా చూపించే డిజిటల్ కాటా ఉంటే సరిపోతుంది. గుడ్డును పగలగొట్టకుండా లెక్కించాలంటే:

1. పెంకుతో సహా తూచండి.
2. వచ్చిన బరువులో 11 శాతం తీసేయండి. అది పెంకు, దాని లోపలి పొరల బరువు. 
3. మిగిలిన గ్రాములను 0.095తో గుణిస్తే కొవ్వు, 0.126తో గుణిస్తే ప్రొటీన్, 1.43తో గుణిస్తే కేలరీలు, 3.7తో గుణిస్తే కొలెస్ట్రాల్ మిల్లీగ్రాముల్లో వస్తాయి.

పెంకుతో 45 గ్రాములున్న చిన్న గుడ్డుకు ఈ లెక్క వేస్తే తినే భాగం 40 గ్రాములు, కొవ్వు 3.8 గ్రాములు, 57 కేలరీలు. 65 గ్రాముల పెద్ద గుడ్డుకు తినే భాగం 58 గ్రాములు, కొవ్వు 5.5 గ్రాములు, 83 కేలరీలు. రోజుకు ఒక్క గుడ్డు తినేవాళ్లకు ఇది పెద్ద తేడా కాదు. రోజుకు నాలుగు తినేవాళ్లకు అదే తేడా 100 కేలరీలు దాటుతుంది. "నాలుగు గుడ్లు" అని డైరీలో రాసుకునే బదులు గ్రాములు రాసుకోమనేది ఇందుకే.

పెట్టె మీద రాసిన సైజును నమ్ముకోవచ్చా అంటే, ఆ సైజు ఏ దేశానిదో తెలిస్తేనే. అమెరికాలో "లార్జ్" అంటే గుడ్డుకు సగటున 57 గ్రాములు. ఐరోపా యూనియన్ లెక్కలో "ఎల్" అంటే 63 నుంచి 73 గ్రాములు. అమెరికా లార్జ్ గుడ్డు ఐరోపాలో "ఎం" కింద పడుతుంది. ఒక దేశపు వంటల పుస్తకం, ఇంకో దేశపు పోషకాల యాప్ కలిపి వాడేవాళ్లకు తెలియకుండా తప్పు దొర్లేది ఇక్కడే.

ఇంకా కచ్చితంగా కావాలంటే గుడ్డు పగలగొట్టి పచ్చసొనను విడిగా తూచాలి. ఒకే బరువున్న రెండు గుడ్లలోనూ పచ్చసొన ఒకేలా ఉండదు. అప్పుడే గుడ్లు పెట్టడం మొదలుపెట్టిన కోడి గుడ్డులో పచ్చసొన చిన్నది. కోడి వయసు పెరిగేకొద్దీ గుడ్డులో పచ్చసొన వాటా పెరుగుతుంది. పచ్చసొన గ్రాములను 0.265తో గుణిస్తే కొవ్వు, 3.2తో గుణిస్తే కేలరీలు, 11తో గుణిస్తే కొలెస్ట్రాల్ మిల్లీగ్రాములు వస్తాయి. 18 గ్రాముల పచ్చసొన అనుకోండి: కొవ్వు 4.8 గ్రాములు, 58 కేలరీలు, కొలెస్ట్రాల్ 198 మిల్లీగ్రాములు.

తూచేటప్పుడు ఎక్కువగా జరిగే పొరపాటు, పచ్చసొనకు అంటుకుని వచ్చే తెల్లసొనను కూడా కలిపి తూచేయడం. ఒకటి రెండు గ్రాములు అలా చేరితే కొవ్వు లెక్క పదో వంతు దాకా పెరిగిపోతుంది. వేరుచేసిన పచ్చసొనను టిష్యూ పేపర్ మీద మెల్లగా ఒకసారి దొర్లించండి. అంటుకున్న తెల్లసొనను కాగితం పీల్చేస్తుంది. పచ్చసొనకు అటూ ఇటూ తెల్లటి తాడులా కనిపించేది చలేజా, అది కూడా తెల్లసొన భాగమే. అది పిండం కాదు, పారేయనక్కర్లేదు.

సొనలు వేరుచేయడం

గుడ్డు చల్లగా ఉన్నప్పుడు వేరుచేయాలి. ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే అయితే పచ్చసొన గట్టిగా, గుండ్రంగా నిలబడుతుంది. గుడ్డు పాతబడేకొద్దీ తెల్లసొనలోని నీరు పచ్చసొనలోకి చేరి, దాని చుట్టూ ఉన్న పొర సాగి పలచబడుతుంది. ముట్టుకుంటే చిట్లిపోయే పచ్చసొన సాధారణంగా పాత గుడ్డుదే. దాని పోషక విలువ పెద్దగా తగ్గిపోదు, వేరుచేయడానికి మాత్రం పనికిరాదు. అలాంటి గుడ్లను ఆమ్లెట్‌కు వాడేయడం మేలు.

మూడు గిన్నెలు పెట్టుకోండి. మొదటి గిన్నె మీద గుడ్డు పగలగొట్టి తెల్లసొన జార్చండి, పచ్చసొనను రెండో గిన్నెలో వేయండి. తెల్లసొనలో పచ్చసొన చుక్క కూడా లేదని చూసుకున్నాకే మూడో గిన్నెలోకి ఒంపండి. ఇంత శ్రమ ఎందుకంటే, ఆరో గుడ్డు పచ్చసొన చిట్లితే అంతకు ముందు తీసిన ఐదు తెల్లసొనలూ పాడవుతాయి. కేకు కోసమో, మెరాంగ్ అనే నురగ మిఠాయి కోసమో తెల్లసొనను నురగ కట్టించాలనుకుంటే ఇది తప్పనిసరి. గాలి బుడగల చుట్టూ తెల్లసొన ప్రొటీన్ గోడ కడుతుంది. కాస్త కొవ్వు తగిలినా అది ఆ గోడలో చోటు చేసుకుని కట్టును వదులు చేస్తుంది, నురగ లేవదు. పడిన చుక్కను పెంకు ముక్కతో తోడేస్తే తేలిగ్గా వచ్చేస్తుంది. వేలితో తీయబోతే వేలి జిడ్డు కూడా చేరుతుంది. ప్లాస్టిక్ గిన్నె ఎంత కడిగినా జిడ్డు పట్టి ఉంటుంది కాబట్టి గాజు గిన్నెగానీ స్టీలు గిన్నెగానీ వాడండి. చల్లగా ఉన్నప్పుడు వేరుచేసిన తెల్లసొనను ఓ అరగంట బయట ఉంచి గిలక్కొడితే నురగ బాగా పొంగుతుంది.

ఆ కొవ్వు ఎలాంటిది

4.8 గ్రాముల కొవ్వులో సంతృప్త కొవ్వు 1.6 గ్రాములు, ఏక అసంతృప్త కొవ్వు 1.8 గ్రాములు, బహుళ అసంతృప్త కొవ్వు ఒక గ్రాము దాకా ఉంటాయి. అంటే మూడింట ఒక వంతే సంతృప్త కొవ్వు. అన్నింటికంటే ఎక్కువగా ఉండే కొవ్వు ఆమ్లం ఒలియిక్ ఆమ్లం. ఆలివ్ నూనెలో ప్రధానంగా ఉండేదీ అదే.

పచ్చసొన కొవ్వు మొత్తం ఒకే రకం కాదు. దాదాపు మూడింట రెండు వంతులు మామూలు నూనెల్లో ఉండే ట్రైగ్లిజరైడ్లు. మిగిలినదాంట్లో ఎక్కువ భాగం ఫాస్ఫోలిపిడ్లు, అంటే లెసిథిన్ వర్గం. కొలెస్ట్రాల్ 5 శాతం చిల్లర. ఈ లెసిథిన్ వల్లే పచ్చసొన నూనెనూ నీటినీ కలిపి పట్టి ఉంచగలదు. మయోనైజ్ విడిపోకుండా నిలబడేది దాని బలంతోనే. శరీరానికి కావలసిన కోలిన్ అనే పోషకం కూడా చాలావరకు ఈ ఫాస్ఫోలిపిడ్ల రూపంలోనే అందుతుంది. ఒక గుడ్డులో కోలిన్ 147 మిల్లీగ్రాములు. రోజుకు ఆడవాళ్లకు 425, మగవాళ్లకు 550 మిల్లీగ్రాములు చాలన్న అమెరికా ప్రమాణంతో పోలిస్తే ఇది బాగా పెద్ద వాటా. గర్భిణులకు కోలిన్ అవసరం ఇంకా ఎక్కువ. మనం రోజూ తినే తిండిలో ఇంత తేలిగ్గా కోలిన్ దొరికే పదార్థాలు తక్కువ. పచ్చసొన పారేస్తే మొదట పోయేది ఇదే.

పచ్చసొన రంగు చూసి కొవ్వును అంచనా వేయకండి. ముదురు నారింజ రంగు పచ్చసొనలో బలం ఎక్కువనీ, లేత రంగుదైతే సారం లేదనీ అనుకోవడం ఆధారం లేని మాట. కోడి తిన్న దాణాలోని కెరోటినాయిడ్లు అనే రంగు పదార్థాలను బట్టి ఆ రంగు వస్తుంది. మొక్కజొన్న, బంతిపూల రేకుల పొడి, మిరప పొడి దాణాలో కలిపితే పచ్చసొన ముదురు రంగుకు తిరుగుతుంది. కొవ్వు, ప్రొటీన్, కొలెస్ట్రాల్ దానివల్ల మారవు. పెంకు రంగుదీ అదే సంగతి. అది కోడి జాతిని బట్టి వచ్చేది.

దాణా మారితే కొవ్వు మొత్తం పెద్దగా మారదు గానీ, కొవ్వు ఆమ్లాల పొందిక మారుతుంది. ఒమేగా-3 గుడ్ల వెనకున్న సూత్రం ఇదే. మామూలు గుడ్డులో డీహెచ్‌ఏ అనే ఒమేగా-3 కొవ్వు ఆమ్లం 30 మిల్లీగ్రాముల దరిదాపుల్లో ఉంటుంది. కోడికి అవిసె గింజలు పెడితే పచ్చసొనలో ఏఎల్ఏ అనే మొక్కల ఒమేగా-3 బాగా పెరుగుతుంది, డీహెచ్‌ఏ కొంత పెరుగుతుంది. చేప నూనె, నాచు కలిపిన దాణా పెడితే డీహెచ్‌ఏ నేరుగా పెరుగుతుంది. మన శరీరం ఏఎల్ఏను డీహెచ్‌ఏగా మార్చుకోవడం చాలా తక్కువ. అందుకని ఎక్కువ డబ్బు పెట్టి ఆ గుడ్లు కొనేవాళ్లు లేబుల్ మీద "ఒమేగా-3" అన్న మొత్తం అంకె దగ్గర ఆగకుండా, అందులో డీహెచ్‌ఏ ఎన్ని మిల్లీగ్రాములో విడిగా రాశారా లేదా చూడాలి. రాయకపోతే అందులో అధిక భాగం ఏఎల్ఏ అయ్యే అవకాశముంది.

కొలెస్ట్రాల్ సంగతి

గుడ్డు కొలెస్ట్రాల్ అంకె చూడ్డానికి పెద్దదే. రోజుకు 300 మిల్లీగ్రాములు దాటకూడదన్న పాత పరిమితితో పోలిస్తే రెండు గుడ్లకే హద్దు దాటిపోయేది. అమెరికా ఆహార మార్గదర్శకాల్లో 2015 సంచిక నుంచి ఆ అంకెను తీసేశారు. కొలెస్ట్రాల్‌ను ఎంతైనా తినొచ్చని దాని అర్థం కాదు. రక్తంలో ఎల్‌డీఎల్‌ను, అంటే చెడు కొలెస్ట్రాల్‌ను పెంచడంలో తిండిలోని కొలెస్ట్రాల్ కంటే సంతృప్త కొవ్వు పాత్ర ఎక్కువని తేలడం అందులో ముఖ్యమైన కారణం. తిండిలో కొలెస్ట్రాల్ పెరిగితే చాలామందిలో కాలేయం తన తయారీని కొంత తగ్గించుకుంటుంది. కొంతమందిలో ఆ సర్దుబాటు సరిగ్గా జరగదు, వాళ్లకు ఎల్‌డీఎల్ గట్టిగానే పెరుగుతుంది.

సంతృప్త కొవ్వు రోజు మొత్తం కేలరీల్లో 10 శాతం దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. 2,000 కేలరీలు తినేవాళ్లకు అది 22 గ్రాములు. ఒక గుడ్డు అందులో 1.6 గ్రాములు తీసుకుంటుంది. మూడు గుడ్లైనా 5 గ్రాములే. ఆ 22 గ్రాముల్లో పెద్ద వాటా గుడ్డు పక్కనున్న వెన్న, చీజ్, సాసేజ్, బేకరీ సరుకులదే అవుతుంది.

ఆరోగ్యంగా ఉన్నవాళ్లు రోజుకు ఒక పూర్తి గుడ్డు తినొచ్చని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2019లో ఇచ్చిన సూచన. పరిశోధనల ఫలితాలు మాత్రం అన్నీ ఒకే దారిలో లేవు. 2019లో జామా అనే వైద్య పత్రికలో వచ్చిన ఒక పెద్ద విశ్లేషణ గుడ్లు ఎక్కువ తినడానికీ గుండె జబ్బుకూ సంబంధం చూపించింది. 2020లో బీఎంజే అనే వైద్య పత్రిక ప్రచురించిన మరో పెద్ద విశ్లేషణలో రోజుకు ఒక గుడ్డు దాకా అలాంటి సంబంధం కనిపించలేదు. రెండూ జనం ఏం తింటున్నారో అడిగి, ఏళ్ల తరబడి గమనించిన అధ్యయనాలే. గుడ్డుతోపాటు ఏం తిన్నారు, ఎలా వండారు అన్నది విడదీయడం ఇలాంటి అధ్యయనాల్లో కష్టం.

మధుమేహం ఉన్నవాళ్లు, గుండె జబ్బు ఉన్నవాళ్లు, కుటుంబంలో వంశపారంపర్యంగా అధిక కొలెస్ట్రాల్ ఉన్నవాళ్లు ఈ సాధారణ అంకెలను తమకు అన్వయించుకోకుండా డాక్టరును అడగాలి. తమ శరీరం గుడ్లకు ఎలా స్పందిస్తోందో తెలుసుకోవాలనుకునేవాళ్లకు దారి ఒక్కటే. మిగతా తిండి, బరువు, మందులు మార్చకుండా గుడ్ల సంఖ్య ఒక్కటే మార్చి, కనీసం 6 వారాలు ఆగి, రక్త పరీక్షలో ఎల్‌డీఎల్ పోల్చి చూడాలి. అదే సమయంలో నూనె మార్చి, నడక మొదలుపెడితే అంకె ఎందుకు మారిందో చెప్పడం ఎవరి తరమూ కాదు.

పెనం మీద లెక్క తప్పేది ఇక్కడే

ఒక టీస్పూన్ నూనె 4.5 గ్రాములు, 40 కేలరీలు. దాంతో గుడ్డు వేయించి, నూనెంతా గుడ్డుతోనే పళ్లెంలోకి వస్తే కొవ్వు 4.8 నుంచి 9.3 గ్రాములకు చేరుతుంది. ఒక టేబుల్‌స్పూన్ నూనె అంటే 13.6 గ్రాములు, 120 కేలరీలు. గుడ్డు మొత్తంలో ఉన్న కొవ్వుకు అది దాదాపు మూడు రెట్లు. ఒక టీస్పూన్ వెన్నలో సంతృప్త కొవ్వు 2.4 గ్రాములు. పచ్చసొన తీసేసి తెల్లసొనను వెన్నలో వేయించుకుంటే, వదులుకున్నదానికంటే ఎక్కువ సంతృప్త కొవ్వు తిరిగి పెనంలో చేరినట్టు. 30 గ్రాముల చెడార్ చీజ్ పరిస్తే 10 గ్రాముల కొవ్వు, అంటే రెండు గుడ్లంత.

నూనెను చెంచాతో కొలిచినా సరే, అందులో ఎంత గుడ్డుతో వచ్చింది, ఎంత పెనంలో మిగిలింది అన్నది తెలియదు. దానికీ కాటానే దారి. నూనె పోసిన పెనాన్ని పొయ్యి మీద పెట్టకముందే తూచండి. గుడ్డు తీసేశాక, పెనం చల్లారాక మళ్లీ తూచండి. తగ్గిన బరువే గుడ్డుతో వెళ్లిన నూనె. గుడ్డు అడుగంటి పెనానికి పట్టుకుంటే ఈ లెక్క తప్పుతుంది, అంటింది గీకేసి తూచాలి. వేడి పెనాన్ని కాటా మీద పెట్టకండి, పాడవుతుంది.

గుడ్డును గిలక్కొట్టి చేసే పొరటు, మడత ఆమ్లెట్ నూనెను దాదాపు పూర్తిగా తాగేస్తాయి. వాటికి పెనం తూచే పని కూడా అక్కర్లేదు, పోసినదంతా తిన్నట్టే రాసుకోండి. కలపకుండా వేసిన గుడ్డు కింద మాత్రం నూనె కొంత మిగులుతుంది. మంట ఎక్కువైతే అంచులు బుడగలు కట్టి లేసులా విరుస్తాయి. ఆ బుడగల సందుల్లో నూనె నిలిచిపోతుంది కాబట్టి కరకరలాడే అంచు ఇష్టమైనవాళ్లు నూనె లెక్క కాస్త పెంచి రాసుకోవాలి.

తక్కువ నూనెతో గుడ్డు వేయాలంటే ఇలా చేయండి. అంటుకోని పెనాన్ని సన్నటి మంట మీద ఒక నిమిషం వేడిచేసి, అర టీస్పూన్ నూనెను టిష్యూతో పెనమంతా పులమండి. గుడ్డు వేసి, అంచు తెల్లబడగానే పెనం పక్కగా ఒక టేబుల్‌స్పూన్ నీళ్లు పోసి మూత పెట్టండి. రెండు మూడు నిమిషాల్లో పైభాగం ఆవిరికే ఉడుకుతుంది. నీళ్లు గుడ్డు మీద పడితే తెల్లసొన జావలా అవుతుంది, అందుకే పక్కగా పోయాలి. మూత లేకుండా చేస్తే పైన ఉడికేలోపు అడుగు తోలులా గట్టిపడుతుంది.

ప్రొటీన్ తగ్గకుండా కొవ్వు తగ్గించాలనుకునేవాళ్లకు అన్నింటికంటే అనువైన పద్ధతి ఒకటుంది: ఒక పూర్తి గుడ్డుకు రెండు తెల్లసొనలు కలిపి ఆమ్లెట్ వేయడం. అందులో 106 కేలరీలు, ప్రొటీన్ 13.5 గ్రాములు, కొవ్వు 5 గ్రాములు. రెండు పూర్తి గుడ్ల ఆమ్లెట్‌లో 144 కేలరీలు, ప్రొటీన్ 12.6 గ్రాములు, కొవ్వు 9.6 గ్రాములు. పచ్చసొన ఒక్కటైనా ఉంటే రుచీ రంగూ నిలుస్తాయి, ఒట్టి తెల్లసొన ఆమ్లెట్‌లా రబ్బరులా సాగదు. కొవ్వు తక్కువైన గుడ్డు త్వరగా బిగుసుకుంటుంది కాబట్టి మంట మాత్రం తగ్గించాలి, పైన ఇంకా తడి మెరుస్తుండగానే దించేయాలి.

ఉడకబెట్టడం

నూనె చేరదు, లెక్క మారదు. మరిగే నీళ్లలో ఫ్రిజ్‌లోంచి తీసిన మామూలు సైజు గుడ్డు వేస్తే 7 నిమిషాలకు తెల్లసొన గట్టిపడి, పచ్చసొన చిక్కటి పాకంలా ఉంటుంది. 9, 10 నిమిషాలకు మధ్యలో కొంచెం మెత్తదనం మిగులుతుంది. 12 నిమిషాలకు పూర్తిగా గట్టిపడుతుంది. ఎత్తైన ప్రాంతాల్లో నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి, అక్కడ ఇంకాస్త సమయం పడుతుంది.

పట్టికల్లో పచ్చి గుడ్డుకు 100 గ్రాములకు 9.5 గ్రాముల కొవ్వు, ఉడికిన గుడ్డుకు 10.6 గ్రాములు కనిపిస్తుంది. ఉడికిస్తే కొవ్వు పుట్టుకురాదు. పరీక్షించిన నమూనాలు వేరు కావడం వల్ల వచ్చిన తేడా అది. ఏదో ఒక పట్టికనే ఎంచుకుని ఎప్పుడూ దాన్నే వాడితే లెక్క నిలకడగా ఉంటుంది.

ఎక్కువసేపు ఉడికితే పచ్చసొన చుట్టూ ఆకుపచ్చ బూడిద రంగు వలయం వస్తుంది. తెల్లసొనలోని గంధకం పచ్చసొనలోని ఇనుముతో కలిసి ఐరన్ సల్ఫైడ్ ఏర్పడటమే దానికి కారణం. తింటే హానేమీ లేదు. సమయం కాగానే గుడ్లను చన్నీళ్లలో వేసి 5 నిమిషాలు ఉంచితే రాదు.

పచ్చి గుడ్డు మింగితే బలమన్న నమ్మకాన్ని వదులుకోవాలి. 1998లో వెలువడిన బెల్జియం పరిశోధనలో ఉడికిన గుడ్డు ప్రొటీన్ 91 శాతం జీర్ణమైతే, పచ్చి గుడ్డుది 51 శాతమే జీర్ణమైంది. పచ్చి తెల్లసొనలోని ఎవిడిన్ అనే ప్రొటీన్ బయోటిన్ విటమిన్‌ను పట్టేసుకుని శరీరానికి అందనివ్వదు, ఉడికిస్తే ఆ గుణం పోతుంది. వీటికి తోడు సాల్మొనెల్లా బ్యాక్టీరియా భయం. గుడ్డు కలిపిన వంటకం లోపలి వేడి 71 డిగ్రీల సెల్సియస్ చేరాలి. పసిపిల్లలు, గర్భిణులు, వృద్ధులు ఈ విషయంలో రాజీ పడకూడదు. మయోనైజ్‌లాంటి పచ్చి గుడ్డు వంటకాలకు పాశ్చరైజ్ చేసిన, అంటే క్రిములు చచ్చేలా మెల్లగా వేడిచేసిన గుడ్లు వాడితే మంచిది.

కొవ్వుతోపాటు వచ్చేవీ, రానివీ

విటమిన్ ఎ, డి, ఇ, కె కొవ్వులో కరిగేవి, అందుకని అవన్నీ పచ్చసొనలోనే ఉంటాయి. ఒక గుడ్డులో విటమిన్ డి ఒక మైక్రోగ్రాము, సెలీనియం 15 మైక్రోగ్రాములు, బి12 అర మైక్రోగ్రాముకు కాస్త తక్కువ. కంటికి మేలుచేసే ల్యూటిన్, జియాజాంతిన్ కలిపి సుమారు 250 మైక్రోగ్రాములు. ఆకుకూరల్లో ఇవి ఇంతకంటే చాలా ఎక్కువ, కానీ పచ్చసొనలో కొవ్వుతో కలిసి ఉండటం వల్ల ఒంటికి బాగా పడతాయి. పచ్చి కూరగాయల సలాడ్‌లో ఉడికిన గుడ్డు పూర్తిగా కలుపుకుంటే ఆ కూరగాయల్లోని కెరోటినాయిడ్లు కూడా మెరుగ్గా ఒంటపడతాయి. తెల్లసొన మాత్రమే కలిపితే ఈ లాభం ఉండదు. తెల్లసొనకూ తన వంతు ఉంది: గుడ్డులోని బి2 విటమిన్‌లో సగానికి పైగా దాంట్లోదే. పచ్చి తెల్లసొనలో కనిపించే లేత ఆకుపచ్చ ఛాయ దానిదే.

గుడ్డులో పీచు లేదు, విటమిన్ సి లేదు. కాల్షియం 28 మిల్లీగ్రాములే, ఎందుకంటే కోడి దాన్ని పెంకుకు పెట్టేస్తుంది. ఇనుము 0.9 మిల్లీగ్రాము ఉందని పట్టిక చెబుతుంది గానీ, పచ్చసొనలోని ఫాస్విటిన్ అనే ప్రొటీన్ దాన్ని గట్టిగా పట్టి ఉంచుతుంది. రక్తహీనత ఉన్నవాళ్లు ఇనుము కోసం గుడ్డు మీద ఆధారపడకూడదు. గుడ్డు తినే పూట నిమ్మజాతి పండో, టమాటానో, విటమిన్ సి ఉన్న మరేదైనా పక్కన ఉంటే కొంత నయం.

కోడివి కాని గుడ్లు, గుడ్డు పొడి

బాతు గుడ్డు తినే భాగం 70 గ్రాములనుకుంటే కొవ్వు 9.6 గ్రాములు, కొలెస్ట్రాల్ 600 మిల్లీగ్రాములకు పైనే. బాతు గుడ్డును కోడిగుడ్డు లెక్కన రాసుకుంటే సగం కొవ్వు లెక్కలోకి రానట్టే. కంజు పిట్ట గుడ్డు ఒకటి 9 గ్రాములు, కొవ్వు ఒక గ్రాము. ఐదు తింటే కొవ్వు ఒక కోడిగుడ్డుకు సమానం, కొలెస్ట్రాల్ మాత్రం 380 మిల్లీగ్రాములు, అంటే కోడిగుడ్డుకు రెట్టింపు. చిన్నగా ఉన్నాయి కదా అని గుప్పెడు తినేసేవాళ్లు ఇది చూసుకోవాలి.

గుడ్డు పొడి డబ్బా మీద 100 గ్రాములకు కొవ్వు 40 గ్రాములు దాటి కనిపిస్తే కంగారు పడొద్దు. గుడ్డులో 76 శాతం నీరే. అది పోయాక మిగిలిన పొడి 100 గ్రాములంటే దాదాపు ఎనిమిది గుడ్లు. ఒక గుడ్డుకు బదులుగా 12, 13 గ్రాముల పొడిని 37 మిల్లీలీటర్ల నీళ్లలో కలిపితే సరిపోతుంది. పొడిలో నీళ్లు ఒక్కసారిగా పోస్తే ఉండలు కడుతుంది. ముందు కాసిని నీళ్లతో ముద్దలా కలుపుకుని, తర్వాత మిగతావి పోసి, ఐదు నిమిషాలు నాననిచ్చి వాడండి. కలిపాక అది పచ్చి గుడ్డుతో సమానం, వెంటనే వండేయాలి.